కొలిమి అంతటా ఒకే వేడి: బర్నరు మంటను అదుపులో పెట్టే తీరు

రోలింగ్ మిల్లు ముందున్న ఫర్నేసు తలుపు లేచి ఉక్కు దిమ్మె బయటికి వచ్చేసరికి దాని వేడి 1,200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. కంటికి అది ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే పసుపు కాంతితో కనిపిస్తుంది. రోలర్ల మధ్యకు వెళ్లాక గాని తేడా బయటపడదు. ఒక కొస ముప్ఫై నలభై డిగ్రీలు చల్లగా ఉంటే అక్కడ ఉక్కు గట్టిగా ఉండి ఓ పట్టాన లొంగదు. రోలర్ల మీద భారం పెరుగుతుంది, సాగిన ఉక్కు మందం ఆ చోట మారిపోతుంది. అదే కొస అవసరానికి మించి కాలితే పైపొర ఆక్సైడు పొలుసుగా మారి రాలిపోతుంది. అందువల్ల ఉక్కును వేడి చేసినంత మాత్రాన ఫర్నేసు పని పూర్తయినట్టు కాదు. ఆ వేడి దిమ్మె పొడవునా, వెడల్పునా, లోపలి మధ్యభాగం దాకా ఒకే తీరుగా ఎక్కాలి.

ఇంధనం ఎంత కాల్చారన్నదాని కంటే, ఆ ఇంధనం ఫర్నేసులో ఏ చోట కాలిందన్నదే ఇక్కడ ముఖ్యం. మంట ఏ దూరంలో ఎంత వేడిని విడుదల చేస్తుందో నిర్ణయించి, ఫర్నేసు భారం మారినా ఆ తీరు చెదరకుండా చూసే విద్యను బర్నరు ఉష్ణ విడుదల నియంత్రణ అంటారు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవారు కట్టెను ముందుకు తోసి, వెనక్కు లాగి మంటను గిన్నె అడుగున కావలసిన చోటికి తెచ్చుకుంటారు. పదిహేను మీటర్ల ఫర్నేసులో ఆ పనిని గాలి, గ్యాసు ప్రవాహాలతో చేయాలి.

కలిసిన చోటే కాలుతుంది

సహజవాయువులో ప్రధాన భాగమైన మీథేను ఒక ఘనపు మీటరు పూర్తిగా కాలడానికి సుమారు 9.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. 800 డిగ్రీలు దాటిన ఫర్నేసులో ఈ రెంటికీ నిప్పు అంటించాల్సిన పని ఉండదు, కలిస్తే చాలు మండుతాయి. కాబట్టి వేడి ఎక్కడ పుట్టాలో తేల్చేది గాలి, గ్యాసు కలుసుకునే వేగమే. బర్నరు నోటి దగ్గరే గాలిని సుడి తిప్పి గ్యాసులో కలిపేస్తే మంట పొట్టిగా, తీవ్రంగా ఉంటుంది. రెంటినీ పక్కపక్కనే నెమ్మదిగా సాగనిస్తే కలయిక ఆలస్యమై మంట మీటర్ల కొద్దీ సాగుతుంది. అందులో పుట్టే మసి కణాలు మెరుస్తూ దారి పొడవునా వేడిని వెదజల్లుతాయి. సుడిని ఇంకా పెంచి బర్నరు నోటిని గంట ఆకారంలో విప్పితే మంట ముందుకు రాకుండా పైకప్పు ఇటుకలకు అంటుకుని పళ్లెంలా పరుచుకుంటుంది. ఫ్లాట్ ఫ్లేమ్ బర్నరు అనేది ఇదే. కింద ఉన్న లోహానికి మంట నేరుగా తగలకుండా, వేడెక్కిన కప్పు ద్వారానే వేడి అందుతుంది.

ఎక్కువ వేడి వద్ద ఫర్నేసులో ఉష్ణం ప్రధానంగా వికిరణం ద్వారా ప్రయాణిస్తుంది. వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఇక్కడ చిన్న తేడాలు చిన్నవిగా మిగలవు. 1,200 డిగ్రీల వద్ద ఉన్న గోడతో పోలిస్తే 1,250 డిగ్రీల వద్ద ఉన్న గోడ సుమారు 14 శాతం ఎక్కువ వికిరణాన్ని వెలువరిస్తుంది. యాభై డిగ్రీల తేడాతో ఒక మూల మిగతా మూలలకన్నా అంత ఎక్కువగా కాలుతుంది.

మంటలోని వాయువుల్లో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు మాత్రమే చెప్పుకోదగ్గ వికిరణం చేస్తాయి. గాలితో పాటు వచ్చి ఎక్కువ చోటు ఆక్రమించే నైట్రోజన్ వేడిని మోసుకుపోతుందే తప్ప వికిరణం చేయదు.

మంట తగ్గించినప్పుడు వచ్చే చిక్కు

పక్కగోడలో బర్నర్లున్న ఫర్నేసులో పూర్తి మంట మీద ఉన్నప్పుడు ప్రవాహం బలంగా దూసుకెళ్లి, అత్యధిక వేడి గోడకు దూరంగా, ఫర్నేసు నడిమికో ఎదుటి గోడ వైపుకో చేరుతుంది. ఉక్కు వేడెక్కుతున్న కొద్దీ కావలసిన ఇంధనం తగ్గుతుంది, కంట్రోలరు వాల్వును మూస్తూ పోతుంది. ప్రవాహం నాలుగో వంతుకు పడిపోతే దాని తోపు పదహారో వంతుకు దిగజారుతుంది. అప్పుడు మంట బర్నరు పక్కనే చతికిలబడుతుంది. అంచులు కాగుతాయి, నడిమి భాగం వెనకబడుతుంది. పైకప్పులో ఉష్ణోగ్రత కొలిచే ఒక్క థర్మోకపుల్ మాత్రం రెండు సందర్భాల్లోనూ కోరిన అంకెనే చూపిస్తుంది. కంట్రోల్ గదిలో కూర్చున్న ఆపరేటరుకు తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది.

ఈ లోపాన్ని ఓపికతో సరిదిద్దడం పాత పద్ధతి. లోహాన్ని ఇంకాసేపు లోపలే ఉంచితే చల్లని భాగం నెమ్మదిగా మిగతావాటిని అందుకుంటుంది. కానీ ఆ అదనపు సమయమంతా పొలుసు పెరుగుతూనే ఉంటుంది. రోలింగుకు ముందు దిమ్మెలను వేడి చేసే రీహీటింగ్ ఫర్నేసుల్లో ఉక్కు బరువులో దరిదాపు ఒక శాతం ఇలా పొలుసు రూపంలో పోతుంది. ఆ ఒక శాతం వెనుక ఖనిజం, కోకు, కరెంటు, మనుషుల శ్రమ అన్నీ ఉన్నాయి. ఇంధనం సంగతీ అంతే. 1,200 డిగ్రీల వద్ద పొగ బయటికి పోతూ, చల్లని గాలితో మండే ఫర్నేసులో ఇంధనపు వేడిలో సగానికి పైగా చిమ్నీ దారి పడుతుంది.

ఇంకో పాత ఉపాయం అదనపు గాలి. తక్కువ వేడి కావలసిన చోట అవసరానికి మించి గాలి పంపితే మంట ఉష్ణోగ్రత తగ్గుతుంది, వాయువుల పరిమాణం పెరిగి ఫర్నేసంతా కలియతిరుగుతాయి. వేడి సమానంగానే అందుతుంది గానీ, ఆ గాలినంతా వేడి చేసి బయటికి వదిలేయడం శుద్ధ దుబారా.

దిశ మార్చడం అనే ఉపాయం

మంట చోటు మార్చి సమానత్వం సాధించవచ్చన్న ఆలోచనకు 19వ శతాబ్దంలోనే బీజం పడింది. జర్మన్ ఇంజినీరు ఫ్రెడరిక్ సీమెన్స్ 1856లో పేటెంటు పొందిన రీజనరేటివ్ ఫర్నేసుకు ఇరువైపులా ఇటుకల గదులు ఉంటాయి. పొగ ఒక వైపు ఇటుకలను వేడి చేస్తుండగా, అంతకుముందు వేడెక్కిన రెండో వైపు ఇటుకల మీదుగా గాలి లోపలికి వస్తుంది. కొంత సేపటికి దిశ మారుతుంది. ఇంధనం ఆదా చేయడానికే ఇది పుట్టినా, మంట వంతులవారీగా రెండు వైపుల నుంచి రావడంతో మధ్యలో ఉన్న సరుకుకు రెండు పక్కలా సమానంగా వేడి తగిలింది. మైకేల్ ఫారడే 1862 జూన్ 20న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇచ్చిన తన చివరి శుక్రవారపు ప్రసంగానికి ఈ గ్యాసు ఫర్నేసులనే అంశంగా ఎంచుకున్నాడు. నేటికీ పెద్ద గాజు ఫర్నేసుల్లో సుమారు ఇరవై ముప్ఫై నిమిషాలకోసారి మంట దిశ మారుతూనే ఉంటుంది.

20వ శతాబ్దంలో ఈ అనుభవం శాస్త్రంగా కుదురుకుంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ విద్యాసంస్థలో పనిచేసిన విలిబాల్డ్ ట్రింక్స్ 1923లో పారిశ్రామిక ఫర్నేసుల మీద వెలువరించిన గ్రంథం తర్వాతి తరాల ఇంజినీర్లకు పాఠ్యపుస్తకమైంది, ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఇతరులు దాన్ని సవరించి ప్రచురించారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నెదర్లాండ్స్‌లోని ఐముయిడెన్ కేంద్రంగా అంతర్జాతీయ జ్వాలా పరిశోధన సంస్థ పెద్ద కొలత మంటల మీద ప్రయోగాలు చేపట్టింది. మంట ఆకారాన్ని ప్రవాహపు తోపు శాసిస్తుందన్న అవగాహన అలాంటి కొలతల నుంచే బలపడింది.

మంటకు కాలమానం

తోపు తగ్గడమే సమస్య అయితే దాన్ని తగ్గనివ్వకుండా వేడిని తగ్గించడం ఎలా? దీనికి దొరికిన జవాబు చాలా సూటిగా ఉంది. బర్నరు మండితే పూర్తిగా మండుతుంది, లేకపోతే ఆరిపోతుంది, లేదా చిన్న మంటకు దిగుతుంది. నాలుగో వంతు వేడి కావాలంటే ప్రతి బర్నరూ నాలుగో వంతు సమయం మాత్రమే మండుతుంది. దీన్ని పల్స్ ఫైరింగ్ అంటారు. బర్నర్లన్నీ ఒకేసారి కాకుండా వరస ప్రకారం వెలుగుతాయి, ఆ వరసను కంట్రోలరు నడిపిస్తుంది. మండే ప్రతి క్షణం బర్నరు తన పూర్తి వేగంతోనే పనిచేస్తుంది కాబట్టి మంట ఆకారం చెదరదు.

దీనికి జోడీ హై వెలాసిటీ బర్నరు. దీని నోటి నుంచి వేడి వాయువులు సెకనుకు 100 మీటర్లు మించిన వేగంతో వెలువడతాయి. ఆ ఊపు చుట్టూ ఉన్న ఫర్నేసు వాయువులను తనతో లాక్కుపోతుంది. మంట వాయువు కొన్ని రెట్ల చల్లని వాయువుతో కలిసి ఫర్నేసు ఉష్ణోగ్రతకు చేరువవుతుంది, ఆ కలిసిన రాశి మూలమూలలకు తిరుగుతుంది. వికిరణం బలహీనంగా ఉండే టెంపరింగ్ వంటి తక్కువ వేడి పనుల్లో ఈ కలియతిప్పుడే సమానత్వానికి ఆధారం.

పల్స్ ఫైరింగుకు మూల్యం వాల్వులు చెల్లిస్తాయి. ముప్ఫై సెకన్లకు ఒకసారి తెరుచుకుని మూసుకునే వాల్వు ఏడాది పొడవునా పనిచేస్తే పది లక్షల సార్లకు పైగా కదులుతుంది. సాధారణ వాల్వులు దీన్ని తట్టుకోలేవు. ఒక్క వాల్వు నెమ్మదించినా ఆ బర్నరు గాలి, గ్యాసు నిష్పత్తి చెడుతుంది. పల్స్ ఫైరింగ్ ఉన్న కర్మాగారంలో మెయింటెనెన్స్ సిబ్బందికి ఉన్న ప్రాధాన్యం అందుకే ఎక్కువ.

పెద్ద రీహీటింగ్ ఫర్నేసులకు మరో దారి ఉంది. గాలిని రెండు పాయలుగా చీల్చి, ఒకదాన్ని సుడి తిప్పి, రెండోదాన్ని సూటిగా పంపే బర్నర్లు వచ్చాయి. రెండు పాయల నిష్పత్తి మారిస్తే ఇంధనం పరిమాణం మారకుండానే మంట పొడవు మారుతుంది. బర్నరు గోడ దగ్గర ఒకటి, ఎదుటి గోడ దగ్గర ఒకటి థర్మోకపుల్స్ పెట్టి వాటి మధ్య తేడాను కంట్రోలరుకు అప్పగిస్తారు. దగ్గరి వైపు వేడెక్కితే సుడి తగ్గి మంట సాగుతుంది, దూరపు వైపు వేడెక్కితే సుడి పెరిగి మంట కుదించుకుంటుంది. ఎంత కాల్చాలన్న ప్రశ్న ఒక నియంత్రణ లూపుకూ, ఎక్కడ కాల్చాలన్న ప్రశ్న ఇంకో లూపుకూ దక్కడం ఈ రంగంలో చెప్పుకోదగ్గ మలుపు.

మంట కనబడని దహనం

1989లో జర్మనీలో యోఆకిమ్ వ్యూనింగ్ అనే ఇంజినీరు ఒక బర్నరును పరీక్షిస్తూ విచిత్రమైన సంగతి గమనించాడు. ఫర్నేసు వేడి 1,000 డిగ్రీలు, లోపలికి వచ్చే గాలి వేడి 650 డిగ్రీలు. ఇంధనం పూర్తిగా కాలిపోతోంది గానీ మంట కంటికి కనబడటం లేదు. మంటను పసిగట్టే అతినీలలోహిత పరికరానికీ ఏమీ అందలేదు. దీనికే తర్వాత ఫ్లేమ్‌లెస్ దహనం అని పేరు స్థిరపడింది.

గాలీ గ్యాసూ కలుసుకోవడానికి ముందే, తమ పరిమాణానికి కొన్ని రెట్ల కాలిన వాయువులతో కలిసిపోవడం దీని వెనుక ఉన్న కిటుకు. ఆక్సిజన్ పలచబడుతుంది. దహనం ఒక సన్నని జ్వాలగా నిలవకుండా ఫర్నేసులో విశాలమైన చోటంతా పరుచుకుంటుంది. మామూలు మంటలో కనిపించే వేడి శిఖరం ఇందులో ఉండదు. ఆ శిఖరమే నైట్రోజన్ ఆక్సైడ్లకు పుట్టిల్లు. సోవియట్ శాస్త్రవేత్త యాకవ్ జెల్డోవిచ్ 1940లలో వివరించిన ప్రక్రియ ప్రకారం ఈ వాయువులు ఉష్ణోగ్రతతో పాటు విపరీతంగా పెరుగుతాయి. శిఖరాన్ని చదును చేస్తే సమాన వేడి, తక్కువ కాలుష్యం రెండూ ఒకేసారి దొరుకుతాయి. పారిశ్రామిక దహనంలో ఇలా రెండు ప్రయోజనాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా కలిసిరావడం అరుదు.

అయితే ఫర్నేసు చల్లగా ఉన్నప్పుడు ఇది పనికిరాదు. సుమారు 850 డిగ్రీలు చేరేవరకు మామూలు మంటతో వేడి చేసి, ఆ తర్వాతే ఈ పద్ధతికి మారతారు. లేకుంటే కాలని గ్యాసు పోగుపడి పేలుడుకు దారి తీస్తుంది. జపాన్‌లో 1990లలో తేనెపట్టు ఆకారపు సిరామిక్ దిమ్మెలతో జంట రీజనరేటివ్ బర్నర్లు బాగా అభివృద్ధి చెందాయి. ఒక బర్నరు మండుతుంటే రెండోది పొగను పీలుస్తుంది, ఇంచుమించు అర నిమిషానికోసారి పాత్రలు మారతాయి. అందులో గాలి 1,000 డిగ్రీల పైకి కూడా వేడెక్కుతుంది. సీమెన్స్ కాలపు ఇటుకల గది ఇక్కడ బర్నరు పెట్టెలోకి ఇమిడిపోయింది.

విశాఖలో, కాకినాడలో, హైదరాబాదులో

విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటి సమగ్ర కర్మాగారాల్లో మిల్లు ఫర్నేసులకు కోక్ ఓవెన్ గ్యాసు, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు కలిపి వాడటం పరిపాటి. మొదటిదాని కెలోరిఫిక్ విలువ ఘనపు మీటరుకు నాలుగు వేల కిలోకేలరీలు దాటుతుంది. రెండోదానిలో సగం వరకు నైట్రోజనే కాబట్టి దాని విలువ ఎనిమిది వందల చుట్టూ ఉంటుంది. ఈ గ్యాసులు పుట్టే విభాగాల్లో ఏ ఓవెన్ ఆగినా, ఏ ఫర్నేసు నెమ్మదించినా ఈ మిశ్రమం మారుతుంది. గ్యాసు పలచబడితే అదే వేడికి ఎక్కువ పరిమాణం పంపాలి, వేగం పెరుగుతుంది, మంట శిఖరం ముందుకు జరుగుతుంది. బర్నరును ఎవరూ ముట్టుకోకుండానే వేడి పంపకం మారిపోయిందన్నమాట. దీనికి విరుగుడుగా వాబ్ సూచీని లెక్కలోకి తీసుకుంటారు. గ్యాసు కెలోరిఫిక్ విలువను దాని సాపేక్ష సాంద్రత వర్గమూలంతో భాగిస్తే వచ్చే ఈ అంకె స్థిరంగా ఉంటే, ఒకే పీడనం వద్ద బర్నరు గుండా వెళ్లే వేడి కూడా స్థిరంగా ఉంటుంది.

గాలి, గ్యాసు నిష్పత్తికి ఇంకో కాపలా ఉంది. వేడి పెంచేటప్పుడు గాలి ముందు పెరగాలి, ఇంధనం దాని వెనుక రావాలి. తగ్గించేటప్పుడు ఇంధనమే ముందు తగ్గాలి. క్రాస్ లిమిటింగ్ అనే ఈ నియమం లేకపోతే ప్రతి మార్పులోనూ కాసేపు కాలని గ్యాసు మిగిలి, అది ఏ పొగదారిలోనో మండి అక్కడ అనవసరపు వేడి పుట్టిస్తుంది. ఫర్నేసు లోపలి పీడనం కూడా బయటి గాలి కంటే నీటి స్తంభం లెక్కలో ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. అది తగ్గితే తలుపు సందుల్లోంచి చల్లని గాలి దూరి, నేలకు దగ్గరగా ఉన్న లోహాన్ని చల్లబరుస్తుంది. ఖరీదైన బర్నర్లు పెట్టి, తలుపు సీలు వదిలేస్తే సమానత్వం దక్కదు.

దిమ్మెలను బీముల మీద ఎత్తి ముందుకు నడిపించే వాకింగ్ బీమ్ ఫర్నేసుల్లో మంటతో తీరని లోపం కూడా ఒకటుంది. దిమ్మెలను మోసే బీములలో నీరు ప్రవహిస్తుంది కాబట్టి అవి ఆనిన చోట్ల అడుగున చల్లని చారలు పడతాయి. వీటినే స్కిడ్ మార్కులు అంటారు. వేడి లోపలిదాకా సమానంగా పట్టేందుకు ఉంచే చివరి సోకింగ్ జోనులో బీముల స్థానం కొంచెం పక్కకు జరపడం, ఆనే చోట వేడిని తట్టుకునే మిశ్రమలోహపు ముక్కలు అమర్చడం దీనికి చేసే చికిత్స.

ఎరువుల కర్మాగారాల్లో ఈ సమస్య వేరే రూపంలో ఎదురవుతుంది. కాకినాడలో సహజవాయువుతో అమ్మోనియా తయారుచేసేందుకు నెలకొల్పిన కర్మాగారం వంటివాటిలో స్టీమ్ రిఫార్మరు అనే పెద్ద ఫర్నేసు ఉంటుంది. అందులో ఉత్ప్రేరకం నింపిన నిలువు ట్యూబులు వరుసలుగా వేలాడుతుంటాయి, వాటి చుట్టూ బర్నర్లు మండుతాయి. ట్యూబును లక్ష గంటల ఆయుష్షుకు రూపొందించడం ఆనవాయితీ. ట్యూబు గోడ అనుకున్నదాని కంటే 20 డిగ్రీలు ఎక్కువ కాగితే ఆ ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. వందల ట్యూబుల్లో ఒక్క వరుస ఎక్కువ వేడెక్కినా మొదట పగిలేది అక్కడే. అందుకే ఆపరేటర్లు గోడ కిటికీల్లోంచి, దూరం నుంచే వేడి కొలిచే పైరోమీటరుతో ట్యూబులను చూసి, ఒక్కో బర్నరును విడిగా సర్దుతారు.

లోహాల్లో టైటానియం మరీ సున్నితం. విమానాల్లో విరివిగా వాడే, ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిసిన మిశ్రమలోహం సుమారు 995 డిగ్రీల వద్ద తన లోపలి స్ఫటిక నిర్మాణం మార్చుకుంటుంది. ఫోర్జింగు సాధారణంగా దానికి కొద్ది పదుల డిగ్రీల దిగువనే జరుగుతుంది. ఒక మూల ఆ గీత దాటితే చల్లార్చినా పాత నిర్మాణం తిరిగి రాదు. 1973లో హైదరాబాదులో ఏర్పడిన మిధాని వంటి ప్రత్యేక లోహాల సంస్థలకు ఫర్నేసు సమానత్వం నాణ్యతకు మొదటి మెట్టు. విమాన పరిశ్రమ పాటించే ఏఎంఎస్ 2750 ప్రమాణంలో మొదటి తరగతి ఫర్నేసుకు కోరిన ఉష్ణోగ్రత నుంచి అటూ ఇటూ 3 డిగ్రీలు, రెండో తరగతికి 6, అయిదో తరగతికి 14 డిగ్రీల తేడా మాత్రమే అనుమతి. చిన్న ఫర్నేసుల్లో కూడా ఎనిమిది మూలల్లోనూ నడిమిలోనూ థర్మోకపుల్స్ పెట్టి కొలవడం వాడుక.

కొలత లేనిదే ఈ నియంత్రణ అంతా ఊహే. గోడలోని థర్మోకపుల్ చూపించేది తన వేడినే, లోహం వేడిని కాదు. నిజం తెలుసుకోవడానికి ఒక దిమ్మెకు రంధ్రాలు చేసి, లోతుల్లో థర్మోకపుల్స్ అమర్చి, వాటిని వేడి చొరని పెట్టెలో ఉన్న డేటా లాగరుకు కలిపి, మిగతా దిమ్మెలతో పాటే ఫర్నేసు దాటిస్తారు. ఆ కొలతలతో సరిచూసిన గణిత నమూనా తర్వాత ప్రతి దిమ్మె లోపలి వేడినీ కంప్యూటరులో లెక్కగడుతూ జోన్లకు ఆదేశాలిస్తుంది.

హైడ్రోజన్ తెచ్చిన కొత్త లెక్క

స్వీడన్‌లోని హోఫోర్స్‌లో ఓవాకో సంస్థ 2020లో లిండే సంస్థతో కలిసి హైడ్రోజన్‌తో ఉక్కును వేడి చేసి రోల్ చేసింది, 2023లో అక్కడే హైడ్రోజన్ తయారీ కేంద్రం ప్రారంభమైంది. దీంతో కార్బన్ డయాక్సైడు తగ్గుతుంది, కానీ మంట స్వభావం మారుతుంది. పరిమాణం లెక్కన హైడ్రోజన్ ఇచ్చే వేడి సహజవాయువులో మూడో వంతు కంటే తక్కువ, కాబట్టి పైపుల్లో మూడు రెట్లకు పైగా గ్యాసు పారాలి. దాని జ్వాల వ్యాపించే వేగం మీథేను కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో అది బర్నరు నోటి దగ్గరే మండిపోవాలని చూస్తుంది. గాలితో మండినప్పుడు మంట వేడి కూడా సుమారు 150 డిగ్రీలు ఎక్కువ. మసి ఉండదు, నీటి ఆవిరి పెరుగుతుంది, ఉక్కు మీద పొలుసు పెరిగే తీరూ మారుతుంది. సహజవాయువుకు సర్దిన బర్నరులో హైడ్రోజన్ కలిపిన కొద్దీ వేడి శిఖరం గోడ వైపు జరుగుతుంది. దాన్ని తిరిగి ఫర్నేసు నడిమికి తేవడానికి ఇంధనాన్ని దశలుగా వదలడం, కాలిన వాయువులను ముందే కలపడం, నాజిల్ వేగం పెంచడం వంటి మార్గాలను బర్నరు తయారీదారులు ఇప్పుడు పరీక్షిస్తున్నారు.